విద్యార్థినిగనే మిగిలిన విదుషి: జేన్ హారిసన్

విద్యకు వయస్సు అడ్డు కాదని పెద్దలు తరచుగా చెప్పుదురు. చెప్పుటకేమి గాని, వార్ధక్యమున అక్షరమాల మొదలుకొని ఒక క్రొత్త భాషను నేర్చుకొనువారు అరుదు. పేరు గడించిన పండితులలో అట్టివారు మరింత అరుదు. తన చదువునకు లోకము నమస్కరించుచున్న దశలో ఆ పీఠము దిగివచ్చి, మనుమల యీడువారు చదువు పాఠములను చదువుచు, తప్పులు చేయుచు, వానిని దిద్దించుకొనుచు నుండుటకు పాండిత్యముకంటె వేరొక గుణము కావలెను. ఆ గుణము నిండుగా గలిగిన విదుషి ఇంగ్లండులో నొకతె యుండెను. ప్రాచీన గ్రీకు మతమును గూర్చి ఆమె వ్రాసిన గ్రంథములు నేటికిని ప్రమాణములుగా నున్నవి. అయినను తన జీవితపు చివరి పదునాలుగేండ్లను ఆమె రష్యన్ భాషకు, రష్యన్ సాహిత్యమునకు ధారపోసెను. ఆమెయే జేన్ ఎలెన్ హారిసన్.

ఆమె 1850 సెప్టెంబరు 9వ తేదీన, ఇంగ్లండు ఉత్తరభాగమందలి యార్క్‌షైర్‌లో, హల్ రేవుపట్టణమునకు చేరువనున్న కాటింగ్‌హామ్‌లో జన్మించెను. తండ్రి చార్లెస్ హారిసన్ కలప వర్తకుడు. బాల్టిక్ తీరములనుండియు, రష్యాలోని ఉత్తరపుటడవులనుండియు దుంగలు, పలకలు ఓడలపై హల్ రేవునకు వచ్చుచుండెడివి. తండ్రి వ్యాపారమునకు రష్యాతో సంబంధముండుటచే ఆ దేశపు ఊళ్ళ పేర్లు ఇంటిలో వినబడుచుండెడివి. మాస్కో అను మాట తన చిన్ననాటి తొలి జ్ఞాపకమని ఆమె వృద్ధాప్యమున వ్రాసికొనెను. ఆ పట్టణమెక్కడనున్నదో, అక్కడివారు ఏ భాష మాటాడుదురో ఆ పసిబిడ్డకు తెలియదు. అరువది సంవత్సరములకు పైగా ఆ మాట నేలలో పడిన విత్తనమువలె నిద్రించెను.

పురిటినాడు సోకిన జ్వరముతో తల్లి మరణించెను. బిడ్డను కొంతకాలము పినతల్లి సాకెను. తరువాత ఇంటనే యుండి చదువు చెప్పు ఉపాధ్యాయినుల చేతిలో ఆమె పెరిగెను. వారిలో నొకరిని తండ్రి వివాహమాడెను. ఆ సవతితల్లి కడు మతనిష్ఠ కలది. ధనిక కుటుంబపు బాలికకు సంగీతము, కుట్టుపని, కొలదిగా ఫ్రెంచి, బైబిలు పఠనము చాలునని ఆనాటి సమాజము తలంచెడిది. గ్రీకు, లాటిన్ భాషలు మగపిల్లల సొత్తు. కాని జేనుకు భాషలపై మక్కువ మెండు. చేతికందిన పుస్తకముతో, దొరికిన కొలది సాయముతో ఆమె లాటిన్, గ్రీకు భాషలను పట్టుదలగా నేర్చుకొనెను. 1868లో ఆమెను చెల్టెన్‌హామ్ బాలికల కళాశాలకు పంపిరి. డొరోతియా బీల్ అను ప్రసిద్ధ విద్యావేత్త దానికి అధిపతి. క్రమశిక్షణతో కూడిన చదువు అనగా నేమో జేను అక్కడ ఎరిగెను.

ఆ రోజులలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ద్వారములు స్త్రీలకు మూసియుండెను. 1871లో ఐదుగురు విద్యార్థినులతో అక్కడ ఒక చిన్న వసతిగృహము వెలసినది. అదియే కాలక్రమమున న్యూనమ్ కళాశాల అయినది. 1874లో హారిసన్ అక్కడ ప్రవేశించెను. విశ్వవిద్యాలయపు ఉపన్యాసములు వినుటకు స్త్రీలు ఆచార్యులను ఒక్కొక్కరిని అనుమతి వేడవలసియుండెడిది. పరీక్ష వ్రాయుటకు హక్కు లేదు. పరీక్షకులు దయతలచి స్త్రీల సమాధాన పత్రములను చూచి, ఫలితమును అనధికారముగా తెలుపుచుండిరి. 1879లో గ్రీకు, లాటిన్ సాహిత్య పరీక్షయందు ఆమె ద్వితీయ శ్రేణిని పొందెను. ప్రథమ శ్రేణి నాశించిన ఆమెకు అది ఆశాభంగమే. పట్టము మాత్రము ఏ శ్రేణి వచ్చినను స్త్రీలకు లేదు.

అటుపిమ్మట ఆమె లండను చేరెను. బ్రిటిష్ మ్యూజియములో చార్లెస్ న్యూటన్ వద్ద గ్రీకు శిల్పములను, చిత్రితములైన మట్టికుండలను పరిశీలించుట నేర్చెను. అంతవరకు గ్రీకు విద్య అనగా గ్రంథముల విద్యయే. కుండలపై గీసిన బొమ్మలను, సమాధి ఫలకములను, దేవాలయ శిథిలములను గ్రంథములతో సరిపోల్చి చదువవలెనని ఆమె గ్రహించెను. ఆ పదునేడు సంవత్సరములలో మ్యూజియములోను, పాఠశాలలలోను, దూరపట్టణములలోను ఆమె ఉపన్యాసములిచ్చెను. గ్లాస్గో నగరమున ఏథెన్సు సమాధి ఫలకములను గూర్చి ఆమె మాటాడినప్పుడు 1600 మంది వినవచ్చిరి. అబర్డీన్, డర్హమ్ విశ్వవిద్యాలయములు ఆమెకు గౌరవ పట్టములిచ్చెను. అయినను లండను విశ్వవిద్యాలయ కళాశాలలోని పురాతత్త్వ ఆచార్య పదవికి రెండు పర్యాయములు అర్థించి, రెండు పర్యాయములును ఆమె విఫలురాలయ్యెను.

1897లో స్త్రీలకు పట్టములీయవలెనను ప్రతిపాదన కేంబ్రిడ్జి సభముందుకు వచ్చెను. ఆ దినమున మగ విద్యార్థులు వీధులలో గుమిగూడి, సైకిలెక్కిన స్త్రీ దిష్టిబొమ్మను సెనేటు భవనమున కెదుట వ్రేలాడదీసిరి. ప్రతిపాదన ఘోరముగా ఓడిపోయెను. ఆ మరుసటి యేడే, తన్ను పట్టభద్రురాలిగా గుర్తింపని ఆ పట్టణమునకు హారిసన్ తిరిగి వచ్చెను. న్యూనమ్ కళాశాల ఆమెకు అధ్యాపకత్వమును, పరిశోధనకు తీరికను కల్పించెను.

అక్కడినుండి వెలువడినవే ఆమె మహాగ్రంథములు. గ్రీకు మతాధ్యయనమునకు పీఠిక యను గ్రంథము 1903లోను, థెమిస్ 1912లోను ప్రకటితములయ్యెను. హోమరు కావ్యములలో వెలుగు ఒలింపస్ దేవతల వెనుక, వారికంటె ప్రాచీనమైన మతమొకటి కలదని ఆమె చూపెను. ప్రేతముల భయము, సర్పపూజ, పంటల పండుగలు, ఊరంతయు గూడి చేయు క్రతువులు ఆ మతమునకు పునాది. కథ పుట్టి క్రతువు వచ్చుట కాదు, క్రతువు ముందు, కథ వెనుక అని ఆమె వాదము. గ్రామదేవతల జాతరలను ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ సంగతి సులభముగా బోధపడును. గిల్బర్ట్ మర్రే, ఫ్రాన్సిస్ కార్న్‌ఫర్డ్ వంటి పండితులు ఆమెకు సహచరులైరి. కొందరు ఆమె సిద్ధాంతములను నిరసించిరి, కొందరు నెత్తిన బెట్టుకొనిరి. కాని విస్మరింపగలిగినవారు లేకపోయిరి.

ఈ దశలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. 1914లో ఆమెకు 64 ఏండ్లు నిండెను. విద్యార్థులు యుద్ధరంగమునకు తరలిపోయిరి. ఉపన్యాస శాలలు బోసిపోయినవి. శాంతిని కోరువారిని దేశద్రోహులుగా జూచు రోజులవి. స్నేహితులలోను చీలికలు వచ్చెను. యుద్ధోన్మాదము సామాన్య జనులనే గాక పండితులను గూడ ఎట్లు ఆవహించునో ఆమె బాధతో పరిశీలించెను, దానిని గూర్చి వ్రాసెను. గ్రీకు పుస్తకములు ఆమె మనస్సునకు నెమ్మది నీయలేకపోయెను. ఆ సమయముననే ఆమె రష్యన్ వైపు మరలెను.

అప్పటి ఇంగ్లండులో రష్యా అనిన ఆసక్తి వెల్లువగా నుండెను. 1911లో రష్యన్ నృత్యబృందము లండనును ముగ్ధపరచెను. 1912లో డాస్టొయెవ్‌స్కీ రచించిన కరమజోవ్ సోదరులు కాన్‌స్టెన్స్ గార్నెట్ అనువాదముతో ఇంగ్లీషు పాఠకులకందెను. విశ్వవిద్యాలయములలో మాత్రము రష్యన్ చదువు అప్పుడప్పుడే వేళ్ళూనుచుండెను. లివర్‌పూల్‌లో 1907లో బెర్నార్డ్ పేర్స్ కృషిచే రష్యన్ అధ్యయన విభాగ మేర్పడెను. 1915లో లండనులోని కింగ్స్ కళాశాలయందు స్లావ్ భాషల పాఠశాల ఆరంభమయ్యెను. దీని కంతటికి కారణము సాహిత్యాభిమానము మాత్రమే కాదు. రష్యా యుద్ధమున మిత్రదేశము. యుద్ధానంతరము అక్కడ జర్మన్ వర్తకులు విడిచిపోవు స్థలమును ఇంగ్లీషు వర్తకులు ఆక్రమింపవచ్చునను ఆశ కలదు. కావున రష్యన్ నేర్చుకొనుట లాభదాయకమని పత్రికలు ప్రబోధించుచుండెను.

హారిసన్ లాభము నాశించినది కాదు. ఆమెకు ఉద్యోగము కలదు, కీర్తి కలదు, ఆరోగ్యము మాత్రము అంతగా లేదు. 1915లో తన పూర్వ శిష్యురాలు, కవయిత్రి హోప్ మిర్లీస్‌తో గూడి ఆమె పారిస్ నగరమునకు పోయి, అక్కడి ప్రాచ్యభాషల పాఠశాలలో రష్యన్ చదివెను. 1795లో ఫ్రెంచి విప్లవ కాలమున స్థాపితమైన ప్రసిద్ధ విద్యాలయమది. మిర్లీస్ ఆమెకంటె 37 సంవత్సరములు చిన్నది. గురుశిష్యురాండ్రు ఇప్పుడు సహాధ్యాయినులైరి. అక్షరములు క్రొత్తవి, ఉచ్చారణ క్లిష్టము, నామవాచకమునకు ఆరు విభక్తులు. గ్రీకు, లాటిన్ విభక్తులతో జీవితము గడపిన ఆమెకు ఇవి భయము గొల్పలేదు. ఆమెను పట్టి నిలిపినది రష్యన్ క్రియ.

ఆ విశేషమును తెలుగు మాటలతోనే వివరింపవచ్చును. నిన్న నేను ఆ పుస్తకము చదివితిని అని ఒకడు చెప్పినచో, అతడు పుస్తకమును ముగించెనా, కొంత చదివి విడిచెనా అని ఆ మాటవలన నిశ్చయముగా తెలియదు. చదువుచుంటిని అనిన చదువు సాగుచుండినట్లు, చదివివేసితిని అనిన ముగిసినట్లు తెలియును. తెలుగులో ఈ భేదమును కావలసినచోట ఒక సహాయక క్రియను చేర్చి చూపుదుము. రష్యన్‌లో అట్లు కాదు. అక్కడ సాధారణముగా ప్రతి క్రియకును రెండు రూపములు జంటగా నుండును. చితాత్ అనిన చదువుచుండుట, ప్రొచితాత్ అనిన చదివి ముగించుట. మాటాడువాడు నోరు తెరచినప్పుడెల్ల ఈ రెంటిలో నొకదానిని ఎన్నుకొని తీరవలెను. పని యెప్పుడు జరిగినదను ప్రశ్న ఒక్కటియే చాలదు. అది ప్రవహించుచున్నదా, ఒడ్డు చేరినదా అను ప్రశ్నకు గూడ క్రియ బదులు చెప్పవలెను.

గ్రీకు క్రియలోను ఇట్టి భేదము కలదు. నలువది యేండ్లుగా ఆమె దానిని చదివెను, చెప్పెను. కాని గ్రీకు గ్రంథములలో చల్లబడియున్న యా లక్షణము, రష్యన్‌లో జనుల నాలుకలపై సజీవముగా ఆడుచుండుట చూచి ఆమె పరవశించెను. కాలము గడియారపు ముక్కలు కాదనియు, అనుభవమున తెగక సాగు ప్రవాహమనియు ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ బోధించియుండెను. ఆ తత్త్వమును ఒక జాతి తన వ్యాకరణముననే దాచుకొన్నట్లు ఆమెకు తోచెను. 1915లో ఆమె రష్యాను, రష్యన్ క్రియను గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. పని ముగియుటకంటె పని సాగుటయందు రష్యనుల మనస్సు లగ్నమగునని, వారి నవలలలోని విశాలతకు అదియే మూలమని అందలి సారాంశము.

ఈ సిద్ధాంతమును నేటి భాషాశాస్త్రజ్ఞులు యథాతథముగా అంగీకరింపరు. వ్యాకరణమును బట్టి ఒక జాతి స్వభావమును నిర్ణయించుట సాహసము. జంట క్రియలున్న పోలిష్, చెక్ భాషలవారి నవలలన్నియు రష్యన్ నవలలవలె నుండవు గదా. కాని ఆమె చేసిన పొరపాటునందును ఒక సత్యము గలదు. పరభాషను నేర్చుకొనుట తెలిసిన వస్తువులకు క్రొత్త పేర్లను వల్లించుట కాదు. తన భాష అడుగని ప్రశ్నను ఆ భాష అడుగును. దానికి బదులు చెప్పుటకు అలవాటుపడిన మనస్సు మునుపటి మనస్సుగా మిగులదు. వ్యాకరణము విసుగు గొల్పు పాఠమని తలంచు విద్యార్థులకు, ఒక క్రియారూపమును చూచి అరువదేండ్లు దాటిన పండితురాలు పొందిన ఆనందము ఆశ్చర్యము కలిగింపక మానదు.

నేర్చిన దానిని ఆమె తనలోనే దాచుకొనలేదు. న్యూనమ్ కళాశాలలో గ్రీకుతోడి సంబంధమును సడలించుకొని, రష్యన్ అధ్యాపకురాలయ్యెను. 1922లో విరమించువరకు ఆ పనిలోనే యుండెను. ఇంగ్లీషు యువతులకు విశ్వవిద్యాలయ స్థాయిలో రష్యన్ భాషను బోధించిన తొలితరమువారిలో ఆమె యొకరు. అంతకు కొలది సంవత్సరముల ముందు తానే విద్యార్థినిగా నుండుటవలన, క్రొత్తవారు ఎక్కడ తడబడుదురో ఆమెకు తెలియును. 1919లో ఆమె మరియొక లఘుగ్రంథమును వెలువరించెను. రష్యన్ క్రియకును గ్రీకు క్రియకును గల పోలికను, విశ్వవిద్యాలయపు చదువులో భాషకుండవలసిన స్థానమును అందు చర్చించెను. గ్రీకు చదువు రష్యన్‌కు, రష్యన్ చదువు గ్రీకునకు వెలుగు నిచ్చునని ఆమె విశ్వాసము.

ఇంతలో కాలము తిరుగబడెను. 1917లో రష్యాలో రెండు విప్లవములు జరిగెను. 1918 మార్చిలో క్రొత్త ప్రభుత్వము జర్మనీతో ప్రత్యేకముగా సంధి చేసికొని యుద్ధమునుండి తొలగెను. నిన్నటి మిత్రదేశము నేడు అనుమానాస్పదమయ్యెను. వర్తకపు టాశలు ఆవిరియయ్యెను. 1918లో జరిగిన లిపి సంస్కరణవలన కొన్ని అక్షరములును తొలగిపోయి, నేర్చినవారు వర్ణక్రమమును మరల దిద్దుకొనవలసివచ్చెను. లాభమునకై రష్యన్ నేర్చినవారికి ఆ చదువు వృథాయైనట్లు తోచియుండును. భాషకై భాషను ప్రేమించినవారికి మాత్రము ఏమియు నష్టము కలుగలేదు. టాల్‌స్టాయ్ వాక్యము ప్రభుత్వముతో మారలేదు. హారిసన్ బోధన ఆగలేదు. రాజకీయపు గాలివాటునుబట్టి ఒక జాతి సాహిత్యమునకు విలువ కట్టుట విద్యాలయముల ధర్మము కాదని ఆమె ఆచరణమే చాటినది.

1920లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టములిచ్చెను. 1921లో కేంబ్రిడ్జిలో ఆ ప్రశ్న మరల వచ్చెను. పూర్తి సభ్యత్వము మరల నిరాకరింపబడెను. పేరునకు మాత్రము పట్టము, హక్కులు లేవు. విజయోత్సాహముతో మగ విద్యార్థులు కొందరు తోపుడుబండితో న్యూనమ్ కళాశాల కంచు ద్వారములను గ్రుద్ది ధ్వంసము చేసిరి. హారిసన్ అప్పటికి డెబ్బదియొకటవ యేట నుండెను. ఆమె గ్రంథములను చదివి పరీక్ష నెగ్గిన మగవారు విశ్వవిద్యాలయ సభ్యులు. వానిని వ్రాసిన ఆమె కాదు. మరుసటి సంవత్సరము ఆమె కేంబ్రిడ్జిని విడిచెను. పోవుటకు ముందు, దశాబ్దములుగా వచ్చిన ఉత్తరములను, కాగితములను తగులబెట్టెను. గ్రీకు గ్రంథములను గూడ వెనుక విడిచి, మిర్లీస్‌తో కలిసి పారిస్ చేరెను.

ఆనాటి పారిస్ రష్యన్ ప్రవాసులతో నిండియుండెను. రాజకుమారులు కారు నడుపుచుండిరి, రచయితలు చలిగదులలో వ్రాసికొనుచుండిరి. హారిసన్ ఇంతకాలము పుస్తకములలో చదివిన భాష ఇప్పుడు ఆమె చుట్టును మాటలాడుచుండెను. అలెక్సీ రేమిజోవ్ అను రచయిత ఆమెకు మిత్రుడయ్యెను. పాత రష్యన్ గ్రంథములయందును, జానపద కథలయందును అతనికి ప్రాణము. ద్మిత్రీ మిర్‌స్కీ అను సాహిత్య విమర్శకుడును పరిచితుడయ్యెను. అతడు లండనులోని స్లావ్ భాషల పాఠశాలలో రష్యన్ సాహిత్యమును బోధించుచుండెను.

ఈ స్నేహముల ఫలముగా 1924లో హారిసన్, మిర్లీస్‌ల అనువాదము వెలువడెను. అది పదునేడవ శతాబ్దపు మతాచార్యుడు అవ్వాకుమ్ వ్రాసికొన్న స్వీయచరిత్ర. దానిని వర్జీనియా వుల్ఫ్ దంపతుల హోగార్త్ ముద్రణాలయము ప్రచురించెను. మిర్‌స్కీ పీఠిక వ్రాసెను. అవ్వాకుమ్ కథ సామాన్యమైనది కాదు. 1650 తరువాత రష్యన్ మఠాధిపతి నీకొన్ పూజావిధులను మార్చెను. రెండు వ్రేళ్ళతో శిలువ గుర్తు వేసికొనుట మాని మూడు వ్రేళ్ళతో వేసికొనవలెనని శాసించెను. అవ్వాకుమ్ ఎదిరించెను. అతనిని భార్యాబిడ్డలతో సైబీరియాకు తరిమిరి. మంచులో బండ్లపై సాగిన ఆ ప్రయాణములో, బిడ్డలకు దినమును గ్రుడ్లు పెట్టి ప్రాణము నిలిపిన నల్లకోడి యొకటి నలిగి చచ్చిన సంగతిని గూడ అతడు వ్రాసెను. చివరకు ఉత్తర ధ్రువ వలయమునకు చేరువనున్న పుస్తొజేర్స్క్‌లో నేలమాళిగలో బంధించిరి. అచ్చటనే ఈ గ్రంథము రచించెను. 1682లో అతనిని సజీవముగా దహించిరి.

ఆ పుస్తకమున మతవాదముకంటె గొప్ప సంగతి దాని భాష. నాటి రష్యాలో గ్రంథములు ప్రాచీన మతభాషలోనే యుండవలెను. వీధిలో మాటలాడు భాష గ్రంథస్థమగుటకు అర్హము కాదని పండితుల మతము. అవ్వాకుమ్ మతభాషలో జనుల నోటిమాటను కలిపి, కోపము వచ్చినచో తిట్టుచు, దుఃఖము వచ్చినచో ఏడ్చుచు, ఎదుటనున్నవానితో చెప్పినట్లు వ్రాసెను. రష్యాలో అది 1861 వరకు అచ్చునకెక్కలేదు. తరువాతి రచయితలు దానిని భాషకు ఊటబావిగా నెంచిరి. గ్రాంథిక వ్యావహారిక వాదములను ఎరిగిన తెలుగు ఉపాధ్యాయులు దాని విలువను వేరుగా చెప్పనక్కరలేకయే గ్రహింపగలరు. అట్టి భాషను ఇంగ్లీషులోనికి తెచ్చుటకు నిఘంటువు చాలదు. ఆ జాతి పలుకుబడి చెవిలో మ్రోగవలెను. 64వ యేట అక్షరమాలతో ఆరంభించిన విద్య పదేండ్లలో ఎంత లోతునకు చేరెనో ఈ అనువాదము సాక్ష్యమిచ్చును.

1925లో ఆమె తన స్మృతులను ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. దానికి ఆమె పెట్టిన పేరులో పండితురాలను మాట లేదు, ఆచార్యురాలను మాట లేదు. ఒక విద్యార్థి జీవిత స్మృతులని మాత్రమే దానికి పేరు. 1926లో మిర్లీస్‌తో కలిసి ఎలుగుబంటి కథల పుస్తకమును తెచ్చెను. రష్యన్ భాషనుండి అనువదించిన 21 ఎలుగుబంటి కథలవి. ప్రాచీనుల ఎలుగుబంటి క్రతువులను పరిశోధించిన ఆమెకు ఆ జంతువుపై పసిపిల్లలకుండు ప్రేమయు నుండెను. శాస్త్రమును, ముచ్చటను వేరుచేయుట ఆమె స్వభావము కాదు.

చివరి దినములలో ఆమె లండనునకు తిరిగివచ్చి, బ్లూమ్స్‌బరీ ప్రాంతమున నివసించెను. 1928 ఏప్రిల్ 15వ తేదీన, 77వ యేట కన్నుమూసెను. ఆమె స్మారకోపన్యాసములలో మొదటిదానిని గిల్బర్ట్ మర్రే చేసెను. హారిసనును రష్యాను గూర్చి 1930లో మిర్‌స్కీ ఉపన్యసించెను. ఒకరు గ్రీకు పండితుడు, వేరొకరు రష్యన్ విమర్శకుడు. ఆమె జీవితపు రెండు భాగములకును ఇట్లు తగిన సాక్షులు లభించిరి. 1929లో వర్జీనియా వుల్ఫ్ స్త్రీల విద్యను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమున, కళాశాల తోటలో సంధ్యవేళ క్షణమాత్రము కనబడు ఒక వృద్ధ విదుషిని పేరు తొలి అక్షరములతో మాత్రము స్మరించెను. ఆ అక్షరములు ఎవరివో నాటి పాఠకులకు విప్పి చెప్పనక్కరలేకపోయెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము స్త్రీలకు పూర్తి పట్టములిచ్చుట 1948లో, ఆమె గతించిన ఇరువదేండ్లకు.

పరభాషాధ్యయనమునకు లోకము చూపు కారణములు పెక్కు. ఉద్యోగము, వ్యాపారము, యుద్ధము, రాజకీయము. అవి వచ్చును, పోవును. వానితోపాటే ఆ చదువులకు వచ్చిన గిరాకియు పోవును. జేన్ హారిసనుకు ఈ కారణములలో ఏదియు లేదు. పొందవలసిన పట్టము లేదు, ఆశింపవలసిన పదవి లేదు, మిగిలిన ఆయుస్సును ఎక్కువ లేదు. ఒక జాతి మనస్సులోనికి ఆ జాతి మాటల ద్వారముననే ప్రవేశింపవలెనను కోరిక ఒక్కటియే కలదు. రష్యన్ వ్యాకరణపు మాటలలో చెప్పవలెనన్న, ఆమె చదువు సాగుచుండు క్రియ. మరణము దానిని నిలిపినది గాని, ముగించినది కాదు. తరగతి గదిలో బల్లకు ఇటువైపున నిలిచి చదువు చెప్పువారు అటువైపున గూర్చుండి చదువుకొనుటను ఏనాటికిని మానరాదని ఆమె జీవితము బోధించుచున్నది.